ఏనుగును బోర్లిస్తే మంత్రి కాదట!

విద్యార్థి సంఘం వారు ఈ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు, పాత విద్యార్థులు మామూలుగా రాసేదే నేనూ రాద్దామనుకున్నాను. హాస్టలు సాంబారు, వార్డెనుగారి కేకలు, పరీక్షలకు ముందు కొండకు నడిచిపోయిన మొక్కు, ఇట్లాంటివన్నమాట. కానీ రెండు మూడేళ్ళుగా ఒక చిన్న సంగతి నా మనసులో ముల్లులా ఉండిపోయింది. అది చదరంగం గురించి. ఇంతోటి దానికి వ్యాసమా అని కుర్రకారు నవ్వుకోవచ్చు. నవ్వండి, కానీ చివరిదాకా చదివి నవ్వండి.

మాది గుడుపల్లె. కుప్పానికి దగ్గర. బెంగుళూరు - జోలార్‌పేట రైలు మార్గంలో ఒక చిన్న స్టేషను. ఒకవైపు కన్నడం, ఇంకొకవైపు అరవం, మధ్యలో మా తెలుగు. సంతకు పోయి వంకాయలు బేరమాడినా మూడు భాషలూ కావాలి. నాకు చదరంగం నేర్పింది మా మేనమామ. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మమ్మగారింటి అరుగు మీద, సున్నం గీతల గళ్ళ మీద నేర్పించినాడు. మామకు అప్పుడు ఇరవై దాటి ఉంటాయి, అంతే. తరువాత కోలారు బంగారు గనుల్లో పనికి కుదిరి, 2001లో ఆ గనులు మూతపడేదాకా అక్కడే ఉన్నాడు. వారానికొకసారి ఇంటికి వస్తే ముందు కాళ్ళు కడుక్కునేవాడు, తరువాత కాఫీ, ఆ తరువాత చదరంగం.

ఆ ఆట ఇప్పుడు మీరు ఆడే ఆట కాదు. బంటు ఎప్పుడైనా సరే ఒక గడే నడుస్తుంది. మొదటి ఎత్తుకు రెండు గళ్ళు దూకడం లేదు. రాజును కోటలో పెట్టడమనేది లేదు. దానికి బదులు రాజుకు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రం ఎత్తు వేసుకునే హక్కు ఉండేది, అదీ అప్పటికి ఎదుటివాడు రాజుకు చెక్ చెప్పకుండా ఉంటేనే. బంటు అవతలి గట్టు చేరితే ఏ గడిలో చేరిందో ఆ గడి బలగమే అవుతుంది. గుర్రం గడికి చేరితే గుర్రం, ఏనుగు గడికి చేరితే ఏనుగు. ఏనుగంటే మా వైపు మూలగడిలోది. కొన్ని ఊళ్ళలో దాన్నే రథమంటారని తిరుపతికి వచ్చాకే తెలిసింది. ఆ లెక్కన ఆట నిదానంగా, ఎద్దులబండి పోయినట్టు పోయేది. ఒక్కొక్కసారి వాన వచ్చి గీతలు చెరిగిపోయేదాకా సాగేది.

ఇది మా ఊరి సొంత తెలివి కాదు. దేశమంతా అటూ ఇటూగా ఇట్లాంటి నిబంధనలతోనే ఆడేవారు. మీర్ సుల్తాన్ ఖాన్ పేరు విన్నవారు కొందరైనా ఉంటారు. పంజాబు పల్లెటూరి మనిషి. దేశవాళీ ఆట నేర్చి, తరువాత పాశ్చాత్య నిబంధనలు పట్టుకొని, 1928లో అఖిల భారత విజేత అయ్యాడు. సర్ ఉమర్ హయాత్ ఖాన్ అనే జమీందారు పరివారంలో ఒకడుగా 1929లో లండన్ వెళ్ళి ఆ ఏడే బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. మళ్ళీ 1932లో, 1933లో కూడా. 1930 - 31 హేస్టింగ్స్ పోటీలో కాపాబ్లాంకా అంతటివాణ్ణి ఓడించాడు. అయినా ఆట మొదలుపెట్టడంలో అతను తడబడేవాడని పండితులందరూ రాశారు. తడబడడా మరి? ఒక గడి నడిచే బంటుతో పెరిగినవాడికి రెండు గళ్ళు దూకే బంటు కొత్త జంతువు కదా! ప్రపంచ చదరంగ సమాఖ్య అతనికి గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది 2024లో. ఆయన పోయిందేమో 1966లో.

సరే, నా కథకు వస్తాను.

1980లో నేను ఎమ్మే చదువుకు తిరుపతి వచ్చి హాస్టల్లో చేరాను. అక్కడ అందరూ ఇంగ్లీషు పద్ధతి ఆటే. మొదటి రాత్రే ఒక తెనాలి కుర్రాడు నా బంటును పక్కనుంచి దాటిపోతున్నప్పుడు పట్టుకొని చంపేశాడు. నేను దొంగాటని అరిచాను. గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. అది రూలే! లైబ్రరీలో ఒక పాత పుస్తకం తీసుకొని నెల రోజులు కూర్చున్నాను. అందులో ఎత్తులన్నీ ‘పీ - కే 4’ పద్ధతిలో ఉండేవి. ఒకే గడికి తెల్లవాడి వైపు నుంచి ఒక పేరు, నల్లవాడి వైపు నుంచి ఇంకో పేరు. తెల్లవాడి నాలుగు నల్లవాడికి అయిదు. అది పూర్తిగా వంటబట్టేసరికి 1981 వచ్చింది. ఆ ఏడే సమాఖ్య వారు ఆ లెక్క చెల్లదు, గడికి ఒకే పేరుండే ‘ఈ4’ పద్ధతే చెల్లుతుందన్నారు. నా హాస్టలు ఆటలు రాసుకున్న నోటుబుక్కు ఇప్పటికీ ఉంది. మా మనవడికి చూపిస్తే ఇది ఏ లిపి తాతా అన్నాడు.

సెలవులకు ఊరికి పోయి మామతో ఆడాను. కొత్త రూళ్ళు చెప్పకుండానే రాజును కోటలో పెట్టేశాను. మామ బోర్డు వైపు చూసి, నా వైపు చూసి, ‘ఏమబ్బోడా, కాలేజీలో ఇదా నేర్పిస్తా ఉండేది?’ అన్నాడు. ఆ ఆట నేనే గెలిచాను. జీవితంలో మామ మీద మొదటి గెలుపు. ఆ రాత్రి లాంతరు ముందు కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. రెండు గళ్ళ దూకుడు, కోట, దాటే బంటును కొట్టడం, గట్టు చేరిన బంటు ఏదంటే అది కావడం. మామకు నచ్చనిది చివరిది. ‘మంత్రి ఉండగానే ఇంకో మంత్రా?’ అన్నాడు. పెట్టెలో రెండో మంత్రి ఉండదు కదా అన్నాడు. అప్పుడు నేను హాస్టలు ఉపాయం చెప్పాను. చచ్చిన ఏనుగును తెచ్చి తలకిందులుగా బోర్లిస్తే అదే రెండో మంత్రి!

దయచేసి ఈ వాక్యం గుర్తుంచుకోండి. ఏనుగును బోర్లించడం మామకు నేర్పింది నేను.

తరువాత నలభై ఏళ్ళు గడిచాయి. ఉద్యోగం, బదిలీలు, పిల్లల పెళ్ళిళ్ళు. ఈలోగా చదరంగం ఎంత మారిందో పట్టించుకున్నవాడు లేడు. మా రోజుల్లో పెద్ద పోటీ అంటే రెండున్నర గంటల్లో నలభై ఎత్తులు. అప్పటికీ తేలకపోతే తరువాతి ఎత్తును కాగితం మీద రాసి కవరులో పెట్టి అతికించి, భోంచేసి పడుకొని, మళ్ళీ ఆడేవారు. కంప్యూటర్లు వచ్చాక ఆ కవరుకు అర్థం లేకపోయింది. రాత్రికి రాత్రే యంత్రం జవాబు చెప్పేస్తుంది కదా. ముల్లు గడియారాలు పోయి అంకెల గడియారాలు వచ్చాయి, ప్రతి ఎత్తుకూ కొన్ని సెకన్లు కలుస్తాయి. 2003లో ఒక ప్రపంచ స్థాయి ఆటగాడు జేబులో ఫోను మోగినందుకు ఆట పోగొట్టుకున్నాడు. 2009లో, వేళకు కుర్చీలో లేకపోతే ఓటమేనన్నారు. 2014లో, రెండో తప్పు ఎత్తుకే ఆట పోతుందన్నారు (అంతకుముందు మూడోదానికి). 2018 నుంచి, కోట కట్టేటప్పుడు రాజును ఒక చేత్తో, ఏనుగును ఇంకో చేత్తో జరిపి గడియారం నొక్కితే అదీ తప్పు ఎత్తు కిందే లెక్క. 2023లో మళ్ళీ ఒక సవరణ.

ఈ మార్పులు చెడ్డవని నేననను. ప్రతిదానికీ కారణం ఉంది. ఎత్తుకు కొన్ని సెకన్లు కలిసే గడియారం ముసలివాడికి వరమే. మా కాలంలో గెలిచే ఆటలో కూడా జెండా పడితే పోయినట్టే. ఆ మాటకొస్తే చదరంగం ఎప్పుడు మారలేదు కనుక? ఒకప్పుడు మంత్రి మూలగా ఒక గడి మాత్రమే నడిచేవాడు. పదిహేనో శతాబ్దం చివర స్పెయిన్, ఇటలీ దేశాల్లో అతన్ని రాణిని చేసి బోర్డంతా తిరగనిచ్చారు. ఇటలీ వారు దాన్ని పిచ్చి రాణి ఆట అన్నారు. ఆనాటి ముసలివాళ్ళు అరుగుల మీద కూర్చొని ఎంత తిట్టుకొని ఉంటారో ఊహించుకోవచ్చు.

2023 వేసవిలో మా ప్రాంతంలో ఒక చదరంగం పోటీ పెట్టారు. ఎవరు పెట్టారు, ఎక్కడ పెట్టారు అన్నది ఇక్కడ అనవసరం. అన్ని వయసులవారికీ ఒకే పోటీ. పది నిమిషాలు దాటిన ఆటలు. నేను రిటైరై ఊళ్ళోనే ఉన్నాను గనక పేరిచ్చాను. మామ పేరు కూడా నేనే ఇచ్చాను. వద్దురా అన్నాడు. బలవంతం చేశాను. తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా వేసుకొని, గనుల్లో ఇచ్చిన పాత చేతి గడియారం పెట్టుకొని వచ్చాడు. అప్పటికి డెబ్భై ఆరేళ్ళు.

నాలుగో రౌండులో మా ఇద్దరికే ఆట పడింది.

మామ ఎప్పటిలాగే నిదానంగా కట్టుకుంటూ వచ్చాడు. కోట కట్టేటప్పుడు రెండు చేతులూ వాడాడు. పక్కనే నిలబడిన ఆర్బిటర్, పాతికేళ్ళు నిండని కుర్రాడు, మర్యాదగానే ఇంగ్లీషులో ఏదో చెప్పి నా గడియారానికి రెండు నిమిషాలు కలిపాడు. మామ తల ఊపాడు. అర్థం కాలేదని నాకు తెలుసు. అయినా నేను ఏమీ అనలేదు. ఆట నడుస్తోంది, నా గడియారం తిరుగుతోంది, ఇంకో సాకు ఎందుకు చెప్పాలి? అది తప్పు ఎత్తు కింద జమ అయిందని, ఇంకొకటి చేస్తే ఆట పోతుందని మామకు తెలియదు.

ఒక గంట అన్నట్టు అనిపించింది గానీ పావుగంట కూడా అయి ఉండదు. మామ బంటు నా గట్టు చేరింది. ఆయన మంత్రి ఇంకా బోర్డు మీదే ఉన్నాడు. మామ చచ్చిన ఏనుగును తీసి, శుభ్రంగా తలకిందులు చేసి, ఆ గడిలో బోర్లించి, గడియారం నొక్కాడు. నొక్కి నా వైపు చూసి చిరునవ్వు నవ్వాడు. ‘నువ్వు నేర్పించిందే కదరా’ అన్న నవ్వు అది.

బోర్లించినా ఏనుగు ఏనుగే. ఇప్పుడు ఆర్బిటర్లు అట్లాగే లెక్కవేస్తారు. మంత్రి కావాలంటే గడియారం ఆపి ఆర్బిటర్‌ను మంత్రిని అడగాలి. ఆ హక్కు ఆటగాడికి ఉంది. 2017లో కెనడా జాతీయ పోటీలో చాంపియన్ ఎవరో తేల్చే ఆటలోనే ఇట్లా జరిగింది. ఒక మాస్టర్ తొందరలో ఏనుగును బోర్లించి మంత్రి అన్నాడు. ఆర్బిటర్ ఏనుగే అన్నాడు. అంతటివాడికే తప్పలేదు. ఈ సంగతంతా నేను ఆ వేసవికి ముందే చదివి ఉన్నాను. తెలిసి ఉండి నోరు విప్పలేదు. నా ఎత్తు నేను వేసేశాను. మామ తన ‘మంత్రి’ని మూలగా జరిపి, ‘ఆట కట్టు’ అని గడియారం నొక్కాడు.

నేను చెయ్యెత్తాను.

ఆర్బిటర్ వచ్చాడు. రెండో తప్పు ఎత్తు. ఆట నాది. మామ లేచి నాకు చెయ్యిచ్చి, ‘బాగుందబ్బోడా’ అని, తరువాతి రౌండుకు ఆగకుండా బస్సెక్కి వెళ్ళిపోయాడు. నాకు సాయంత్రం ఒక స్టీలు టిఫిను క్యారియరు బహుమతి ఇచ్చారు. అది ఇప్పటికీ అట్టపెట్టెలోనే ఉంది.

ఈ సంగతి నేను ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళకు చెప్పి చూశాను. అందరూ ఒకటే మాట, ‘రూలు రూలే కదండీ, అందరికీ ఒకటే కదా.’ నిజమే. నేనూ అధ్యాపకుడిగా ముప్ఫై ఏళ్ళు ఆ మాటే చెప్పాను. కానీ ఆ హాల్లో రూలు అందరికీ ఒకటే గానీ, రూలు తెలియడం అందరికీ ఒకటి కాదు. ఆ పిల్లలకు కోచింగు ఉంది, ఫోనులో రూళ్ళ పుస్తకం ఉంది, ఇంగ్లీషు ఉంది. మా మామకు నేనున్నాను. ఉన్న ఒక్క పుస్తకమూ ఆ రోజు మూతపడింది.

వయసు వల్ల ఆట పోయిందంటే నేను ఒప్పుకోను. విశ్వనాథన్ ఆనంద్ 2017లో నలభై ఎనిమిదేళ్ళకు ప్రపంచ ర్యాపిడ్ విజేత అయ్యాడు. మన కోనేరు హంపి 2019లో ఒకసారి, 2024లో మరోసారి మహిళల ప్రపంచ ర్యాపిడ్ పట్టం గెలిచింది, అదీ తనకంటే ఎంతో చిన్నపిల్లలతో ఆడి. వాళ్ళు రూళ్ళు మారిన రోజునే ఆ మార్పులో ఉన్నారు. మా అరుగు ఆటగాడికి పదేళ్ళకు ఒకసారి, ఎవరో ఒక మేనల్లుడు చెబితే తెలియాలి.

అయితే ముసలివాళ్ళ తప్పు లేదా అంటే ఉంది. మాకు పంతం ఎక్కువ. అడిగితే చిన్నతనమనుకుంటాం. ‘మా కాలంలో’ అని మొదలుపెట్టి కుర్రవాళ్ళను విసిగిస్తాం. మామ కూడా ఆ మొదటి హెచ్చరికప్పుడు ‘ఏందబ్బా ఇది?’ అని ఒక్క మాట అడిగి ఉంటే ఆ కుర్రాడు తప్పకుండా చెప్పేవాడే. అడగలేదు. తల ఊపాడు. గనుల్లో దొరల ముందు తల ఊపి ఊపి అలవాటైందేమో, చెప్పలేను.

మా అమ్మాయి ఇంగ్లండులో ఉంటుంది. అక్కడికి పోయినప్పుడు ఒక ఆదివారం ఒక వింత చూశాను. ఒక హాల్లో పెద్ద పెద్ద బల్లలు, వాటి మీద కొండలు, కోటలు, చేత్తో రంగులు వేసిన వేలెడేసి సైనికులు. చుట్టూ గడ్డాలు నెరిసిన మనుషులు పాచికలు వేస్తూ, టేపులతో కొలుస్తూ యుద్ధాలు చేస్తున్నారు. ఈ ఆట పేరు వార్‌హామర్. నాటింగ్‌హామ్‌లోని గేమ్స్ వర్క్‌షాప్ అనే కంపెనీది. అందులో ఒక రకం 1987లో మొదలై 2023 నాటికి పదో కూర్పుకు చేరింది. కూర్పు మారినప్పుడల్లా కొత్త రూళ్ళ పుస్తకం వస్తుంది. నిన్నటిదాకా వీరుడైన బొమ్మ రేపటికి డొల్ల కావచ్చు. ఒక పెద్దమనిషి, నా వయసువాడే, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకొని ఆ పుస్తకం పేజీలు తిప్పుతూ గొణుక్కుంటున్నాడు. మాట అర్థం కాకపోయినా ఆ గొణుగుడు నాకు బాగా అర్థమైంది. అచ్చం మా మామ గొంతే! కానీ అక్కడ ఒక మంచి సంగతి తెలిసింది. కొత్త కూర్పు నచ్చనివాళ్ళు మానుకొని ఇంటికి పోవడం లేదట. పాత పుస్తకం పట్టుకొని, పాత బొమ్మలతో, తమలాంటివాళ్ళను వెతుక్కొని ఆడుకుంటారట. వాళ్ళను ఎవరూ తక్కువగా చూడరు.

మనమెందుకు అట్లా చెయ్యకూడదు? గుకేశ్ 2024 డిసెంబరులో సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను ఓడించి పద్దెనిమిదేళ్ళకే ప్రపంచ విజేత అయ్యాక, మన పట్టణాల్లో చదరంగం పోటీ పెట్టని బడి కనిపించడం లేదు. సంతోషమే. మన కళాశాల వార్షికోత్సవంలోనూ పోటీ ఉంటుంది, పాత విద్యార్థులనూ పిలుస్తారు. కనుక క్రీడా కార్యదర్శిగారికి నా విన్నపం. ఈసారి పోటీ రూళ్ళను ఒక కాగితం మీద తెలుగులో అచ్చు వేయించి పేరిచ్చిన ప్రతివారికీ ముందు రోజే ఇవ్వండి. ప్రతి బోర్డు పక్కన తెల్లది ఒకటి, నల్లది ఒకటి అదనపు మంత్రిని పెట్టండి. దానికయ్యే ఖర్చు టీలకయ్యేదానికంటే తక్కువ. ఆర్బిటర్ హెచ్చరించేటప్పుడు ఎదుటివాడి భాషలో చెప్పాలి. తల ఊపితే సరిపోదు, అర్థమైందా అని అడగాలి. ఇక హాలులో ఒక మూల ఒక బల్ల గడియారం లేకుండా వదిలెయ్యండి. దేశవాళీ ఆట తెలిసినవాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే అక్కడ కూర్చుంటారు. ఒక గడి బంటు, గుర్రంలా దూకే రాజు ఎట్లా ఉంటాయో మన విద్యార్థులు ఒక్కసారి చూస్తారు. ఇంకో పదేళ్ళు పోతే చూపించేవాళ్ళు ఉండరు. ఆ ఆట రూళ్ళు ఊరూరా మారేవి. రాసిపెట్టినది తక్కువ, మనుషుల నోళ్ళలో ఉన్నదే ఎక్కువ. చరిత్ర శాఖవారికీ జానపద విజ్ఞానం చదివేవారికీ ఇది పనికిరాని సంగతని నేననుకోను.

పోటీ అయిన మూడు నెలలదాకా మామ ఇంటికి నేను పోలేదు. ముఖం చెల్లలేదు. చివరికి వినాయక చవితికి పోయాను. బోర్డు అటక మీద ఉందని అత్త చెప్పింది. నేను అంతా చెప్పేశాను. బోర్లించినప్పుడే నాకు తెలుసునని, తెలిసే ఊరుకున్నానని. మామ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు, ‘నువ్వు చెయ్యెత్తింది తప్పు కాదబ్బోడా. ఆ పొద్దు కాలేజీ నుంచి వచ్చినప్పుడు గెలిచినాక కూచోబెట్టి చెప్పినావు. ఈసారి గెలిచినావు, పోయినావు.’

నా దగ్గర జవాబు లేదు. బెంగుళూరులో కొనుక్కొచ్చిన చిన్న పొట్లం విప్పి ముందు పెట్టాను. తెల్ల మంత్రి ఒకటి, నల్ల మంత్రి ఒకటి. మామ రెండిటినీ అరచేతిలో పెట్టుకొని తిప్పి తిప్పి చూశాడు.

‘ఇద్దరేసి మంత్రులుంటే రాజ్యం యాడ బాగుపడతాదిరా?’ అన్నాడు. అని, అత్తను పిలిచి, అటక మీద బోర్డు దించమన్నాడు.